పంట పండగకు పోయిన దొర కారు

వేంపల్లె పక్కనున్న పేటలో ఏసుకుమార్‌లు ఇద్దరు. ఒకాయనకు చౌకదుకాణం ఉంది కాబట్టి ఆయన బియ్యం ఏసుకుమార్. రెండో ఆయనను ఎదురుగా ఎవరూ ఏమీ అనరు గానీ, వీపు తిప్పగానే సగం ఏసుకుమార్ అంటారు. ఈ కథ సగం ఏసుకుమార్‌ది. ఆ పేరు ఎవరు పెట్టారమ్మా అని ఆయన భార్య ప్రేమజ్యోతిని అడిగితే, ఎవరో కళ్ళున్నవాళ్ళే పెట్టి ఉంటారని చెబుతుంది.

కళ్ళున్నవాళ్ళకు ఆ ఇంట్లో చూడ్డానికి చాలానే ఉంది. పెరట్లో స్నానాలగది గోడలు నడుమెత్తున ఆగిపోయాయి. అందులో మానంగా స్నానం చేయాలంటే కూర్చునే చేయాలి. నడవలో హార్మోనియం ఉంది. దాని మీద ఆయనకు ఒకే ఒక్క కీర్తన పల్లవి వచ్చు, చరణం రాదు. ఊరి బయట ఎకరా నేలలో చీనీ, అంటే బత్తాయి మొక్కలు నాటాడు. బోరు వేయించేలోగా ఉత్సాహం ఇంకిపోయింది, మొక్కలు ఆ తర్వాత ఎండిపోయాయి. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షకు బస్సెక్కి, దారిలో బంధువుల పెళ్ళి కనిపిస్తే అక్కడే దిగిపోయాడు. ఆరంభశూరత్వం అనే మాట మన భాషలో ముందే ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఈయన కోసం కొత్తగా పుట్టించాల్సి వచ్చేది.

హైస్కూల్లో రికార్డు అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగమైనా చివరిదాకా చేశాడు కదా అని ఎవరైనా జాలిపడి అంటే ప్రేమజ్యోతి ఒప్పుకోదు.

"అది గవర్నమెంటు ముగిచ్చింది. ఈయప్ప కాదు," అంటుంది.

ఆమె మాట కటువే. నర్సమ్మగా ఆత్మకూరు అడవి పల్లెల్లో మొదలుపెట్టి, రాయచోటి చుట్టుపక్కల తిరిగి, చివరికి సొంతూరు చేరింది. కాన్పు సగంలో ఆపి టీ తాగడానికి పోయే వీలు లేని ఉద్యోగం ఆమెది. అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు దొరకడంలో దేవుడి ఉద్దేశం ఏమిటో ఆమె ప్రార్థనలో చాలాసార్లు అడిగింది. జవాబు రాలేదు. దేవుడు కూడా ఆ సంగతి సగంలో వదిలేశాడని ఆమె నమ్మకం.

ఇక కారు సంగతి. ఏసుకుమార్ తాత ఓబన్న ఒకప్పుడు మిషన్ ఆసుపత్రి దొరకు డ్రైవరు. దొర దేశం విడిచి పోతూ తన కారు ఓబన్నకు ఇచ్చిపోయాడు. దీన్ని ఏసుకుమార్ చెప్పే తీరు చూడాలి. దొర ఓబన్నను కౌగిలించుకున్నాడట. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. తాళంచెవి చేతిలో పెట్టి, ఓబన్నా, నీలాంటి మనిషిని మా దేశంలో కూడా చూడలేదు అన్నాడట. ఓబన్నకు దొర భాష రాదు, దొరకు తెలుగు అంతంతమాత్రం. మరి ఇంత సంభాషణ ఏ భాషలో జరిగిందో అడగకూడదు.

ప్రేమజ్యోతి దగ్గర అదే కథ ఇంకోలా ఉంటుంది. "కదిలేటివన్నీ దొర ఓడకెక్కిచ్చుకోని పాయ. కదలనివన్నీ ఈడ పంచిపెట్టి పాయ. ఒకరికి బీరువా, ఒకరికి రాతిబల్ల, వీళ్ళ తాతకు కారు."

ఏది నిజమైనా, కారు మాత్రం ఎక్కువ కాలం తిరగలేదు. ఓబన్న దాన్ని కొన్నేళ్ళు నడిపాడు. ఆయన కొడుకు దాని పైకప్పు మీద మిరపకాయలు ఎండబెట్టాడు. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. చివరికి అది ఇంటి పక్క రేకుల షెడ్డులోకి చేరి, వేరుశనగ బుడ్డల పొట్టు కింద సగం మునిగి, మనుషుల మాటల్లో మాత్రం నిగనిగలాడుతూ ఉండిపోయింది. ముందరి పేరుపలక ఎప్పుడో ఊడిపోవడంతో అదేం కంపెనీదో కూడా తేలదు. అంబాసిడర్ పుట్టకముందటి గుండ్రటి బండి, దానికి అన్న వరస అవుతుందని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, ఇంటికి ఎవరొచ్చినా ఏసుకుమార్ వాళ్ళను షెడ్డు దగ్గరికి తీసుకుపోయి పొట్టు పక్కకు నెట్టి ఒక దీపం చూపించేవాడు. వచ్చినవాళ్ళు పాపం, దీపం బాగుందనేవాళ్ళు.

ఆ షెడ్డు మీద ప్రేమజ్యోతికి వేరే ఆశ ఉంది. ఆమె రిటైరైనా పేట ఆడవాళ్ళు బీపీ చూపించుకోవడానికి, కట్టు మార్పించుకోవడానికి, ఊరికే కడుపులో మాట చెప్పుకోవడానికి ఇంకా ఆమె దగ్గరికే వస్తారు. వాళ్ళను వాకిట్లో ఎండకు నిలబెట్టడం ఆమెకు నచ్చదు. షెడ్డు ఖాళీ చేసి, నేల మీద బండలు పరిపించి, ఒక మంచం, ఒక బల్ల, ఒక కుండ నీళ్ళు పెడితే చాలనుకుంది. కారును పాతఇనుము వాళ్ళకు వేసేస్తానని చెప్పింది.

ఆ మాట అన్న వారానికే ఏసుకుమార్ పొట్టంతా తవ్వి పోసి, కారును పేటలో పిల్లలందరి చేతా వాకిట్లోకి నెట్టించాడు.

"బాగు జేస్తా," అన్నాడు. "నా చేత్తో, మన ఇంట్లోనే. పంట పండగ నాడు గుడి ముందర నిలబెడతా."

"ఏ సంవత్సరం పంట పండగ?"

"నువ్వు నగు జ్యోతీ. నవ్విన నాపచేనే పండేది."

"చీనీ చేను గూడా నవ్వినాము గదయ్యా. అది పండలేదే?"

పైకి ఎన్ని కబుర్లు చెప్పినా, ఆ సగం అనే పేరు ఏసుకుమార్‌కు తెలియంది కాదు. ఒక్కటంటే ఒక్క పని మొదటినుంచి చివరిదాకా తన చేతుల మీదుగా చేసి, సంఘమంతా చూడగా నిలబెట్టి, పేరుకు ముందున్న ఆ మాటను పీకి పారేయాలని ఆయన కోరిక. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ప్రేమజ్యోతికి తెలుసు. తెలిసే నవ్వింది.

మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఇల్లు ఇల్లులా లేదు. ఇంజను బిగుసుకుపోయిందని దాంట్లో కిరసనాయిలు పోసి నానబెట్టారు. ఆ వాసనకు ఇంట్లో చిత్రాన్నం కూడా కిరసనాయిలు చిత్రాన్నమే. నట్లూ బోల్టులూ నానేసుకోవడానికి ఆవకాయ జాడీ పోయింది. సంకటి గిన్నె ఒకటి పోయింది. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు రాలాలని అందులో కంకర పోసి, అటొకరు ఇటొకరు పట్టుకుని, పసిబిడ్డను ఊపినట్టు వారమంతా ఊపారు. ఆ చప్పుడుకు చుట్టుపక్కల కోళ్ళు గుడ్లు మానేశాయని ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. వెనక సీటు చింపితే ఎలుకల కుటుంబం ఒకటి బయటపడింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటే ఏమిటో ఆ రోజు ప్రేమజ్యోతి కళ్ళారా చూసింది.

ఈ పనిలో ఏసుకుమార్‌కు తోడు వేంపల్లె మెకానిక్ హుసేన్ పీరా. ఈయన వచ్చినప్పుడల్లా బానెట్ ఎత్తి, లోపలికి తల పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడడు. తర్వాత తల బయటికి తీసి, "అయిపోయినట్టే సార్, ఇంగ కొంచెమే," అంటాడు. టీ తాగుతాడు. పోతాడు. పోయిన వారం బిగించింది ఈ వారం ఊడదీస్తాడు. వీళ్ళిద్దరూ దొరికింది ఒకరి కోసం ఒకరని ప్రేమజ్యోతి తీర్మానించింది. మొగుడు సగం చేస్తే ఈయన ఆ సగాన్ని మళ్ళీ సగం చేస్తాడు.

"ఏమప్పా హుసేన్ పీరా, ఈ కొంచెం ఎప్పుడయిపోతాది?" అని ఒకసారి అడిగింది.

"అమ్మా, పాత బండి. ముసిలోళ్ళ మాదిరి. ఒక నొప్పి తగ్గితే ఇంగోటి జెప్తాది."

"మా ఆసుపత్రిలో ముసిలోళ్ళు ఒక్కోసారి సచ్చిపోతారు గూడా. ఆ సౌకర్యం దీనికి లేకపాయనే."

అయితే ఒక సంగతి ఆమె గమనించింది. గమనించినందుకు తన మీద తనకే చిరాకు వేసింది. రంగు వేసిన రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఊరి బయట బండలు కోసే మిల్లుల దుమ్మంతా వచ్చి పచ్చి రంగు మీద వాలి, కారు ఒళ్ళంతా ఉప్పుకాగితంలా తయారైంది. ఇంక అయిపోయింది, రేపటినుంచి దీని మీద మళ్ళీ మిరపకాయలే అనుకుంది ప్రేమజ్యోతి. మర్నాడు తెల్లారి లేచి చూస్తే ఏసుకుమార్ బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని, ఆ రంగంతా రుద్ది తీసేస్తున్నాడు. రెండోసారి వేశాడు. దానికి పొక్కులు లేచాయి. మళ్ళీ రుద్దాడు. వేళ్ళ చివర్లు పగిలి రక్తం వస్తే గుడ్డపేలిక చుట్టుకుని రుద్దాడు. మూడోసారి చీరలన్నీ అడిగి తీసుకుని కారును షెడ్డులోకి తోయించి చుట్టూ తెరలు కట్టి వేశాడు. పావురం రంగు, దొర నాటి రంగే, నున్నగా కుదిరింది. నా చీరలకు పట్టిన రంగు ఎవడు వదిలిస్తాడని ఆమె ఆ రోజంతా తిట్టింది. ఆ రాత్రి ఆయన పగిలిన వేళ్ళకు మందు రాసి కట్టు కట్టింది, తిడుతూనే.

నవంబరు చివరి ఆదివారం పంట పండగ. దానికి ముందటి గురువారం కారు తన ఇంజను మీద తానే వాకిట్లోంచి రోడ్డెక్కి, పాపాఘ్ని వంతెన దాకా పోయి, తిరిగి వచ్చింది. హుసేన్ పీరా మొట్టమొదటిసారి ఇంగ కొంచెమే అనలేదు. ప్రేమజ్యోతి అరుగు మీద కూర్చుని అలసందలు ఏరుతూ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ అలసందలు ఏరుకుంది.

పేటలో గుడి అంటే చర్చి; ఇక్కడ ఆ గుడి ఆచారం ఒకటి చెప్పాలి. పంట పండగకు ఎవరి పొలంలో పండింది వాళ్ళు దేవుడికి కానుకగా తెస్తారు: కొర్రలు, బుడ్డలు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కోళ్ళు, పొట్టేలుపిల్లలు. కానుకైనదానికి బంతిపూల దండ వేస్తారు. దండ పడిందంటే ఇంక అది దేవుడిది. చిన్నవి లోపల పీఠం ముందు పెడతారు. లోపల పట్టనివి గుడికి తూర్పుపక్క వేపచెట్టు నీడలో వరసగా నిలబెడతారు. ఆరాధన చివర పాస్టరు అయ్యగారు బయటికి వచ్చి వాటి మీద చేయి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత సంఘం కోసం అన్నిటినీ వేలంపాట పెడతారు. దండ వేసి తూర్పుపక్క పెట్టినదాన్ని ఇంటికి వెనక్కి తోలుకుపోవడమనేది ఆ పేటలో ఎవరూ ఎరగరు.

ఏసుకుమార్ పుట్టి పెరిగింది ఆ గుడి నీడలోనే. బాప్తిస్మం అక్కడే, పెళ్ళి అక్కడే. అయినా మనిషికి ఒళ్ళు పొంగినప్పుడు బుద్ధి వాకిట్లో నిలబడి ఉంటుంది, లోపలికి రాదు. ఆదివారం పొద్దున ఆయన ఇస్త్రీ పంచె కట్టి, కారును తుడిచిందే తుడిచి, పెళ్ళికారులా ఉండాలని బానెట్ మీదుగా ఇంత లావు బంతిపూల దండ వేశాడు. ఇంజను తిప్పే ఇనుప హ్యాండిల్ కారులో ఉంటే నామోషీ అని దాన్ని ఇంట్లోనే వదిలేశాడు. గుడి దగ్గర ఎండ తగిలితే రంగు పాడవుతుందని కారును తిన్నగా తూర్పుపక్కకు తోలి, వేపచెట్టు నీడలో, ఒక పక్క అరటిగెలల ట్రాలీ, ఒక పక్క పొట్టేలుపిల్ల, మధ్యలో నిలిపాడు. దీపాలు వెలుగుతున్న సంగతి అందరూ చూడాలని వాటిని ఆపకుండా లోపలికి పోయాడు.

ప్రేమజ్యోతి అప్పటికే గుడి మెట్ల మీద ఉంది. దండ చూసింది. తూర్పుపక్క చూసింది. జరగబోయేది ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది.

చెప్పడానికి రెండు మాటలు చాలు. కారు పక్కకు తియ్యి అంటే చాలు. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి. అంతలో ఆమె కళ్ళకు ఖాళీ షెడ్డు కనిపించింది, బండలు పరిచిన నేల, మంచం, బల్ల. పోనీలే, మనిషి చెబితే వదలని పీడను దేవుడే తీసుకుంటానంటే మధ్యలో నేనెవరు అనుకుంది. కొంగు తల మీదికి లాక్కుని, లోపలికి పోయి ఆడవాళ్ళ పక్క కూర్చుంది. ఆ రోజు కీర్తనలు ఆమె మామూలు కంటే గట్టిగా పాడింది.

అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రవాడు. పేటలో ఎవరి వెనక ఏ పేరుందో ఆయనకింకా తెలియదు. ఆరాధన చివర సంఘంతో కలిసి బయటికి వచ్చి, బస్తాల మీద, గెలల మీద చేయి ఉంచుతూ వరసగా నడిచి, కారు దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎవరి కానుక?"

జనం ఏసుకుమార్‌ను చూశారు. ఏసుకుమార్ దండను చూశాడు, పొట్టేలుపిల్లను చూశాడు, అప్పుడు తెలిసింది ఆయనకు. ముఖం మీద రంగు పోయింది.

"నాదే అయ్యగారూ. అంటే మా తాతది. దొర ఇచ్చింది. నేను ఊరికే..."

అయ్యగారు ఊరికే దాకా విననే లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూడండి సహోదరులారా! తాతల నాటి ఆస్తిని సొంత చేతులతో బాగుచేసి, మొట్టమొదటి ప్రయాణం దేవుని సన్నిధికే చేయించారు. ప్రథమ ఫలమంటే ఇది!"

చప్పట్లు మోగాయి. ముందు పిల్లలు కొట్టారు, తర్వాత పెద్దలు కొట్టారు. అరవై దాటిన ఆ మనిషికి జీవితంలో ఎవరూ చప్పట్లు కొట్టి ఎరగరు. కాదని చెప్పడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆయన గుంపులో భార్య కోసం వెతికాడు. ఆమె నేల చూసింది.

"అవునయ్యగారూ," అన్నాడు చివరికి. "కానుకే."

సాక్ష్యం చెప్పమని అయ్యగారు మైకు చేతికిచ్చాడు. ఏసుకుమార్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "మూడేండ్లు... ఈ పని నేను ముగిచ్చినా," అన్నాడు. మైకు తిరిగి ఇచ్చేశాడు. చూడండి ఖర్మ, సాక్ష్యం కూడా సగమే అయింది అనుకుంది ప్రేమజ్యోతి. కానీ ఆ వెక్కిరింపు ఆమెకే రుచించలేదు.

వేలంపాట మొదలైంది. పాట నడిపేది సంఘం కార్యదర్శి శామ్, సిమెంటు అంగడి యజమాని. మంచి నోరున్నవాడు, ఆ నోరు మంచిదని తనకు కూడా తెలిసినవాడు. గెలలు పోయాయి, పొట్టేలుపిల్ల పోయింది. ఒక గుమ్మడికాయ కోసం అన్నదమ్ములిద్దరు పంతానికి పోయి ఊరంతా నవ్వేదాకా పాడారు. ఈలోగా సంఘ పెద్దలు వసారాలో గుంపుగా చేరి, కారు వైపు చూస్తూ, తలలు ఊపుతూ గుసగుసలాడారు. వాళ్ళలో ఒకరు వచ్చి శామ్ చెవిలో ఏదో చెప్పారు. శామ్ ముందే నవ్వేసి, తర్వాత మైకు అందుకున్నాడు.

"కారు సంగతి. దీన్ని పాటకు పెట్టేదానికి లేదు. కాగితాలు మా నాయన కాలంలోనే సచ్చిపోయినాయంట. పోనీ గుడే పెట్టుకుందామంటే యాడ పెట్టల్ల? కోళ్ళు గుడ్లు పెట్టేదానికి తప్ప దేనికి పనికొస్తాది? పెద్దలందురూ మాట్లాడుకున్న్యారు. అందుకని, ఏమప్పా సగం ఏసుకుమారూ..."

వీపు వెనక మాట అలా మైకులో వచ్చేసింది. నవ్వు కట్ట తెగినట్టు వచ్చింది. నోరు జారినవాడు సర్దుకోవాలి గానీ, నవ్వు దొరికినాక శామ్ సర్దుకునే రకం కాదు.

"నీ కారు నువ్వే తోలకపో అప్పా. సగం కానుక దేవునికి గూడా వద్దంట!"

"కయీను అర్పణప్పో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. బైబిల్లో దేవుడు కాదన్న మొదటి కానుక కయీనుది. అది తెలియని పిల్ల కూడా ఆ పేటలో ఉండదు. నవ్వు రెండింతలైంది. అయ్యగారు పాపం ఏం చేయాలో తెలియక బైబిలు తెరిచి, ఏ పేజీ చూస్తున్నాడో తెలియకుండా చూస్తూ నిలబడ్డాడు.

ఏసుకుమార్ కారు దగ్గరికి పోయి దండ తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తన భుజం మీదే వేసుకున్నాడు. లోపల కూర్చుని తాళం తిప్పాడు. టక్‌మంది, అంతే. దీపాలు ఆరాధనంతా వెలిగి వెలిగి బ్యాటరీని పూర్తిగా తాగేశాయి. మళ్ళీ తిప్పాడు. టక్. ఇనుప హ్యాండిల్ ఇంట్లో ఉంది. దండ భుజాన వేసుకుని, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, ముందుకు చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. జనం మూడోసారి నవ్వారు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ప్రేమజ్యోతి ఆ సామెతను చాలామంది ఆడవాళ్ళ మీద వాడింది. ఇప్పుడది తిరిగొచ్చి ఆమెకే తగిలింది. కయీను అని అరిచినవాడికి ఆ వేళ్ళ నుంచి కారిన రక్తం తెలుసా? మూడుసార్లు రంగు రుద్దింది శామ్ చూశాడా? ఈ మనిషి తన బతుకులో ఒక్క పని పూర్తిచేసిన రోజునే వీళ్ళకు ఆ పేరు మైకులో చెప్పాలనిపించిందా? అంతకంటే మంట ఇంకొకటి ఉంది. పొద్దున ఆ రెండు మాటలు మింగింది తనే. ఆమెకు సిగ్గేసింది, ఎప్పుడూ వేయనంత.

ఆమె లేచి గుంపులోంచి నడిచింది. నర్సమ్మ వస్తుంటే దారి ఇవ్వడం పేటకు అలవాటు; సగం మందికి ఆమె బొడ్డు కోసింది. శామ్ చేతిలోంచి మైకు తీసుకుంది. మాట్లాడింది మాత్రం మైకు కిందికి దించే, అందరికీ వినపడేట్టు.

"నగింది సాలు. ఈయప్ప దండ యేసేది, తూరుపుపక్క పెట్టేది పొద్దున్నే నేను జూసినా. చెప్పకుండా మూసుకోని కూసున్న్యా. ఆ తప్పు నాది. దానికి దేవునికి నేను జవాబు జెప్పుకుంటా, మీకు కాదు."

ఆమె కారు వైపు చేయి చూపింది.

"ఇంగ సగం అంటాండారే, ఈ కారు ముగిసింది. ఇంజను ముగిసింది, రంగు ముగిసింది. మూడేండ్లు నేను కండ్లారా జూసినా. నా మొగుణ్ణి తిట్టేదానికి నేనుండా. ముప్పై ఐదేండ్ల నుంచి తిడతాండా, ఇంగా తిడతా. ఆ పనిలో మీ సాయం నాకు అక్కరలేదు. సాయం జెయ్యాలంటే రాండి, తొయ్యండి. శామూ, నువ్వు ముందు రా."

శామ్ నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి కారు వెనక్కి వచ్చాడు. అతని వెనక గుమ్మడికాయ అన్నదమ్ములు వచ్చారు. కయీను అని అరిచినవాడు ఎవరో తెలియదు గానీ, అతను కూడా అందులో ఉండే ఉంటాడు. అయ్యగారు తెల్ల అంగీతోనే వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు.

కారు వేపచెట్టు నీడ దాటి రోడ్డు మీదికి వచ్చింది. మొదటి వీధిలో ఇంజను లేవలేదు, రెండో వీధిలోనూ లేవలేదు. లోపల ఏసుకుమార్ వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. మగవాళ్ళ మధ్య, శామ్ పక్కన, కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ కారుకు ఆనించి వంగి తోస్తున్న మనిషిని చూస్తున్నాడు.

"యెనక్కి ఏం జూస్తావయ్యా? ముందర జూసి తోలు! లైట్లు ఆర్పాలని గూడా తెల్దు, కారు బాగు జేసినాడంట కారు!" అని అరిచింది ప్రేమజ్యోతి. కారు ఇల్లు చేరేదాకా ఆమె తిట్టడం ఆపలేదు. తోయడమూ ఆపలేదు.